ఆ రబ్బరు తొడుగు నేను ఊడ్చలేదు

మా ఇంట్లో దిండు గలీబులు ఉతికేది నేనే. ఎవరి తల ఎంత జిడ్డో, ఎవరు నోరు తెరుచుకుని నిద్రపోతారో గలీబు చూసి చెప్పేస్తాను. అలాంటి నేనే మొన్న మనవరాలి గలీబుని రెండు వేళ్లతో ఎత్తాల్సి వచ్చింది. పసుపుపచ్చగా, అట్టకట్టిన మరక. కుండీలో మురిగిపోయిన పూలనీళ్ల కంపు.

ఈ పిల్లని అందరం పిచ్చుక అంటాం. మాట వచ్చిన రోజు నుంచి నోరు మూసింది లేదు. సినిమాల్లో వాళ్ల మాటలు విని, తెర కింద అక్షరాలుగా వచ్చేందుకు టైపు చేయడం దాని ఉద్యోగం. పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్లే. తల తుడుచుకోకుండా తడి చెవుల్లోనే కుక్కుకుంటుంది. తీస్తే ఎక్కడ పెడుతుందీ? భోజనాల బల్ల మీద, సరిగ్గా నా కంచం పక్కన! వాటి సన్నటి జాలీ నిండా గులిమి. చూస్తూ ముద్ద ఎలా దిగుతుంది నాకు?

కిందటి నెలలో ఓ పొద్దున పెద్ద రగడ జరిగింది. అవి పెట్టుకునే నిద్రపోయిందట. లేచి తీసి చూసుకుంటే ఒకదాని చివర రబ్బరు తొడుగు లేదు. చిక్కుడు గింజంత ఉంటుంది, అంతే. మంచం కింద వెతికారు, దుప్పట్లు దులిపారు. చివరికి అందరూ నా వైపు తిరిగారు.

"నానమ్మే ఊడ్చేసి ఉంటుంది" అంది పిచ్చుక.

"అమ్మ చీపురు పడితే ఇంట్లో మనుషులు మిగలడమే గొప్ప" అన్నాడు నా కొడుకు.

నింద పడ్డాక ఊరుకుంటానా? చెత్తబుట్ట పాత కాగితం మీద బోర్లించి, చేత్తో కెలికాను. టీ పిప్పి, జుట్టు ఉండలు, ఎవరివో కాలిగోళ్లు. అన్నీ దొరికాయి కానీ అది దొరకలేదు. పిచ్చుక డబ్బాలోంచి ఇంకో తొడుగు తీసి తగిలించుకుని, మళ్లీ అదే చెవిలో కూరుకుంది.

అదిగో, ఆ తర్వాతే ఈ గలీబు. దాని ముందు పరిచాను.

"ఏమే, ఏమిటిది?"

"చెమట నానమ్మా."

"చెమటకి కాళ్లొచ్చి ఒక్క కుడి చెవి కిందకే నడిచొచ్చిందా?"

దగ్గరికి లాక్కుని చెవి తమ్మె ఇలా పట్టుకున్నానో లేదో, కెవ్వుమంది. రంధ్రం ఎర్రగా వాచి, అంచున పసుపు జిగురు. నా వేలికి అంటింది. ఛీ! ఆ వేలిని నా చేతికే దూరంగా పట్టుకుని వెళ్లి సబ్బుతో తోమి తోమి కడిగాను.

తిరిగొచ్చేసరికి పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆ చెవిలో సరిగ్గా వినపడట్లేదు నానమ్మా. నీళ్లలో మునిగినట్టుంది. డాక్టరు దగ్గరికెళ్తే ఇయర్‌ఫోన్లు పెట్టొద్దంటారు. అవి లేకపోతే నాకు పనెక్కడిది? చేతిలో ఉన్న సినిమా అయిపోనీ, వెళ్తాను."

"అప్పటికి చెవి ఉండొద్దూ?"

ఇంతలో నా కొడుకు వచ్చాడు. "దీనికింత గొడవెందుకమ్మా? నాకు దురదేస్తే నేనేం చేస్తాను, చూడు" అంటూ బండి తాళంచెవి చెవిలో దూర్చి, గిరగిరా తిప్పి, ప్యాంటుకి తుడిచాడు. అదే తాళంచెవితో బిస్కట్ల పొట్లం చించి నా ముందు పెట్టాడు. తినమ్మా అని!

కోడలు వంటింట్లోంచి కేకేసింది. "వెల్లుల్లి వేసి నూనె కాచాను అత్తయ్యా, రెండు చుక్కలు పోద్దాం."

"పోశావంటే ఆ గిన్నె నీ నెత్తిన బోర్లిస్తాను" అన్నాను.

మా పెద్దన్నయ్య చెవి గుర్తొచ్చింది నాకు. చిన్నప్పుడు వాడి కుడి చెవి కారుతుంటే ఇంటికొచ్చినవాళ్లల్లా ఏదో ఒకటి పోశారు. నూనె ఒకరు, ఆకు పసరు ఒకరు. వాడి చుట్టూ ఈగలు. పక్కన కూర్చోనని మేం పిల్లలం కొట్టుకునేవాళ్లం. చివరికి ఆ చెవి పూర్తిగా పోయింది. పెళ్లయ్యాక మా వదిన బతికున్నన్నాళ్లూ వాడికి ఎడమ పక్కనే నడిచింది, మాట వినిపించాలని. విని బతికే ఉద్యోగం చేసే పిల్లకి ఆ గతి పట్టనిస్తానా? చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. పిచ్చుకా, నా కొడుకూ వెంట బయల్దేరారు.

చెవి డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, "లోపల ఏదో ఉందే!" అంది. ముందు సన్నటి గొట్టంతో చీము లాగింది. జుర్రుమని ఒకటే చప్పుడు. తర్వాత పొడుగాటి పట్టకారుతో మెల్లిగా ఒకదాన్ని బయటికి తీసి, స్టీలు పళ్లెంలో టక్కున వేసింది.

చీములో నాని, నల్లటి చుక్కలు పట్టి, పుచ్చిపోయిన పన్నులా ఉంది. రబ్బరు తొడుగు!

"చూశారా!" అని అరిచాను. "నేను ఊడ్చానన్నారు! చెత్తబుట్ట కెలికించారు నా చేత!" ఆ కంపుకి ముక్కున కొంగు పెట్టుకున్నాను కానీ, గెలిచిన సంతోషం కొంగులోంచి కూడా వినపడే ఉంటుంది.

నా కొడుకు మొహం పాలిపోయి, తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. తాళంచెవి మొనగాడు!

"కొత్త తొడుగుతో ఇయర్‌ఫోన్ పెట్టినప్పుడల్లా దీన్ని ఇంకా లోపలికి తోశావన్నమాట" అంది డాక్టరమ్మ పిచ్చుకతో. "కర్ణభేరికి ఏమీ కాలేదు, అదృష్టం. చెవిలో వేసే చుక్కల మందు రాస్తాను. నీళ్లు తగలనీయకు, పుల్లలు పెట్టకు, నూనె పోయకు. మళ్లీ నేను చూసేదాకా ఇయర్‌ఫోన్లు పెట్టకు."

"మరి నా పని?"

"బల్ల మీద స్పీకరు పెట్టుకో. తర్వాతైనా తడి చెవిలో పెట్టొద్దు, రోజూ వాటిని తుడువు, చప్పుడు తగ్గించు, మధ్యమధ్య తీసి గాలి తగలనివ్వు."

"అమ్మా, ఇంకెప్పుడైనా అయితే ఎప్పుడు తీసుకురావాలో కూడా చెప్పండి" అన్నాను. "మా ఇంట్లో అందరూ వైద్యులే, అదే నా భయం."

నవ్వింది. "నొప్పి తగ్గకపోయినా, చెవి కారినా, వినికిడి మందగించినా, హోరు వదలకపోయినా వచ్చేయండి మామ్మగారూ. జ్వరం వచ్చినా, తల తిరిగినా, చెవి వెనక వాచినా ఆ రోజే రావాలి. హఠాత్తుగా వినపడటం మానేసినా అంతే, ఆగకూడదు."

లేస్తుంటే నా కొడుకు పళ్లెం వైపు చూశాడు. "కడిగితే బానే ఉంటుందేమో కదా?"

డాక్టరమ్మ పళ్లెం లాగేసుకుంది. నేను వాడి వీపు మీద ఒక్కటిచ్చాను. ఇంత వయసొచ్చినా వాడికది బాకీనే.

ఇప్పుడు ఇంట్లో స్పీకరు మోత. సినిమాలో విలన్లు పొద్దుటి నుంచి నా నెత్తి మీదే అరుస్తున్నారు. సినిమా ఆలస్యమైందని పైవాళ్లు పిచ్చుకని తిట్టారు, కానీ పని మాత్రం పోలేదు. గలీబు నేను పారేశాను. ఎంత ఉతికినా నా కళ్లకి ఆ మరకే కనపడేది.

చుక్కలు అయిపోయి, డాక్టరమ్మ మళ్లీ చూసి బాగుందన్న రోజు, పిచ్చుక వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది. కుడి చెవి కిందికి పెట్టి! ఇన్నాళ్లూ ఆ పక్కకి తిరగడానికే భయపడింది.

"నానమ్మా" అంది కళ్లు మూసుకునే, "నీ కడుపులో ఏమిటే, మురిక్కాలువ పారుతున్నట్టు గుడగుడమంటోంది? ఛీ!"

"వినపడుతోందా?"

"అంతా వినపడుతోంది. ఛీ, ఛీ!" అంటూనే తల ఇంకాస్త ఆనించింది.