కీనన్ దొర వాన కచేరీలు

గుంతకల్లు రైలు డ్రైవర్లలో కీనన్ దొరకు ఒక పిచ్చి ఉండేది. ఇంజను దిగితే చాలు, గిటారు ఒళ్ళో పెట్టుకునేవాడు. బ్రాందీ సీసా మెడ కోసి, అంచు అరగదీసి, చిటికెన వేలికి తొడుక్కుని తీగల మీద జార్చేవాడు. తీగలు అచ్చం మనిషిలాగే ఏడ్చేవి. యుద్ధకాలంలో కలకత్తాలో అమెరికా నల్ల సిపాయిల దగ్గర నేర్చుకున్న విద్య అది. వాళ్ళ తాతలు పత్తిచేలల్లో వెట్టి చేస్తూ కట్టుకున్న పాటలట. బొంబాయి హోటళ్ళలో వాయిస్తానని పోతే, ఈ శోకాలు మాకొద్దని పంపేశారు. రైల్వే క్లబ్బువాళ్ళకు చిందులేసే పాటలు కావాలి. పాపం, ఆయన సంగీతమంతా అడవిగాచిన వెన్నెలే అయింది.

ఆ దొర ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ నూర్ అహమ్మద్. మనిషి మంచివాడే గానీ నోటికి గడియ లేదు. యాభై ఎనిమిదిలో చెల్లెలు హబీబా నిఖాకు దొరను గుమ్మఘట్టకు వెంటబెట్టుకుపోయాడు. అప్పటికి ఏళ్ళ తరబడి సరైన వాన చూడని ఊరది. కప్పలకు పెళ్ళిళ్ళు చేసి, గుట్టమీది దేవుడికి బిందెలకొద్దీ నీళ్ళు పోసి జనం అలిసిపోయి ఉన్నారు. దొరది ఏ దేశమని ఎవరో అడిగారు. దేశం పేరు చెప్పి ఊరుకోవచ్చు కదా!

“ఇంగ్లీషోడు కాదప్పా, ఐర్లాండోడు. ఆడ ఏడాది పొడుగునా వానే. ఎండ కాస్తే వింతగా చూస్తారంట” అన్నాడు నూర్ అహమ్మద్.

సాయంత్రం దొర గిటారు తీశాడు. రెండో పాట సగంలో ఉరిమింది. బిర్యానీ డేగిసాల్లోకి నీళ్ళు కారేంత వాన కురిసింది.

ఇంకేముంది? తన దేశపు వానను దొర వెంటబెట్టుకుని తిరుగుతాడని, గిటారు మీటితే అది దిగుతుందని ఊరూరా పాకిపోయింది. ఎక్కడో దూరాన ఉన్న నల్లమాడ నుంచి కూడా మనుషులొచ్చి, “మా ఊరికి ఒకతూరి తోలుకురాప్పా” అని నూర్ అహమ్మద్ గడ్డం పట్టుకున్నారు.

ఉన్న సంగతి దొరకు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. “నీ పాట ఇనల్లంటాండారు దొరా” అన్నాడు. అప్పుడు చూడాలి దొర ముఖం! యాభై దాటిన మనిషి, కొత్త పెళ్ళికొడుకులా చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

సెలవు దొరికితే చాలు, ఎద్దులబండి, గిటారు, ఏదో ఒక ఊరు. ఒకచోట జల్లు పడింది. ఇంకోచోట ఉత్త గాలి వచ్చింది. “వాన ఎనకాల వస్తాండాదిలే” అని ఊరివాళ్ళే సర్దిచెప్పుకున్నారు.

“ఏమప్పా నూరూ, అందరూ పైకి చూస్తాండారేమి?” అని దొర అడిగేవాడు. తెలుగంతా బొగ్గు మోసేవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడాయన.

“లీనమైపోయినారు దొరా” అనేవాడు నూర్ అహమ్మద్, తనూ మబ్బుల్నే కనిపెట్టుకుని ఉంటూ.

ఆ మాటే కొంప ముంచింది. రిటైరైతే ఓడెక్కి స్వదేశం పోవాల్సిన దొర, అక్కడ సొంత చెల్లెలు ఎదురుచూస్తున్నా, పోనని తేల్చేశాడు. “నా పాట ఇనేటోళ్ళు ఈడుండారు. ఆడికి పోయి ఏం చేసేది?” అన్నాడు. నిజం బయటపడితే ఈ మనిషి గుండె ఆగిపోతుందని నూర్ అహమ్మద్ భయపడ్డాడు.

దొర రిటైరైన ఏడాది విడపనకల్లు వంతు వచ్చింది. ఊరి పెద్ద ఆదెప్ప విత్తనం, గొర్రు సిద్ధం చేసి మరీ పిలిపించాడు. పొద్దు వాలుతుండగా కచేరీ మొదలైంది. ఒక పాట, రెండు, మూడు, నాలుగు. ఆకాశం తోమిన సత్తుగిన్నెలా ఉంది. జనం గుసగుసలాడారు. చివరికి ఆదెప్ప లేచాడు.

“ఏమప్పా నూర్ అహమ్మదూ, గుమ్మఘట్టలో రెండో పాటకే వాన పడె గదా! మా ఊరంటే దొరకు కోపమా? ఆ వాన పాట కొట్టమనప్పా!”

దొర చెయ్యి తీగల మీద ఆగిపోయింది. “ఏం వాన?”

ఆదెప్ప దాచుకునే మనిషి కాదు. గుమ్మఘట్ట పెళ్ళి దగ్గర్నుంచి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. దొర నూర్ అహమ్మద్ వైపు తిరిగాడు. “పాట కోసం పిలవలేదా నన్ను?”

దొర సీసా మెడను వేలినుంచి తీసి జేబులో వేసుకున్నాడు. గిటారు సంచిలో పెట్టాడు. “రేపే ఓడ టిక్కెట్టు తీస్తా” అన్నాడు మెల్లగా. ఇక వాన రాదని తేలిపోయి, జనం కూడా పంచెలు దులుపుకుని లేస్తున్నారు.

“యాడికప్పా పోతాండావు? కూసో!”

పత్తిచేలల్లో కలుపు తీసే నల్లమ్మ, ఆడవాళ్ళ మధ్యనుంచి లేచి దొరనే గద్దించింది. “వాన రాకపోతే మానె. నా మొగుడు సచ్చి ఏడాదాయ. ఊరంతా ఏడ్సినా నా కంట సుక్క రాలేదు. రాయి అన్నారు నన్ను. నీ మూడో పాటకు సూడు” అంటూ దగ్గరకొచ్చి తడిసిన కొంగు చూపించింది. “అది మళ్ళా కొట్టు.”

దొర ఆ కొంగుకేసి చూశాడు. కూర్చుని గిటారు తీసి, సీసా మెడ మళ్ళీ వేలికి తొడుక్కున్నాడు. ఆదెప్ప గొణుక్కుంటూనే కూలబడ్డాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కూర్చున్నారు.

ఇప్పుడిక నూర్ అహమ్మద్‌కు మబ్బుల్ని కనిపెట్టాల్సిన పనేమీ లేదు. బండి చక్రానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. పాట నెమ్మదిగా మొదలైంది. ఎవరినో పిలిచి పిలిచి, వాళ్ళు రారని తెలిసి, అయినా పిలుస్తున్నట్టుంది. ఇన్ని ఊళ్ళు తిరిగినా ఒక్క పాటైనా తను పూర్తిగా వినలేదని అప్పుడు తట్టిందతనికి. బొగ్గు మోసిన ఆ మనిషి బావురుమన్నాడు.

దొర పాట ఆపాడు. “ఏమప్పా నూరూ, ఎందుకేడుస్తాండావు?”

“ఇన్నేండ్లకు ఇంటాండా దొరా.”

“అట్లయితే మొదట్నుంచీ కొడతా, ఉండు” అన్నాడు దొర.