బంద్ చీటీ

"ఇరవై కంప్యూటర్లు ఏవి?"

షకీలా గొంతు వినగానే శ్రావ్య టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది.

ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్లను పటాన్‌చెరులోని ఆ షెడ్డులో షకీలా పరీక్షిస్తుంది. బాగున్నవి మళ్లీ వాడకానికి, పాడైనవి తుక్కుకి. ర్యామ్, హార్డ్ డిస్క్, ఫ్యాను అన్నీ చూసి నాలుగు రోజుల్లో ఇరవై బాగున్నాయని తేల్చింది. అవి సాయంత్రానికి భానూర్ శిక్షణ కేంద్రం చేరాలి. రేపు అక్కడ వాటి మీదే పరీక్ష. షకీలా కూతురు అరీబా కూడా రాస్తోంది. రేపు జరగకపోతే మళ్లీ ఆరు నెలలకే.

"తుక్కు బండి ఎక్కించేశానక్కా," అంది శ్రావ్య. భీమవరం నుంచి మేనమామ ఇంటికి వచ్చి, పనిలో చేరి మూడు రోజులు.

"తుక్కుకా! ఎందుకు?"

"మీరే చీటీ అంటించారుగా, బంద్ అని. పనిచేయడం బంద్ అనుకున్నా."

"యా అల్లా! టెస్టు అయింది, స్విచ్ బంద్ చేసిన, ఇగ లేపుర్రి అని! నడుస్తుండంగ లేపితే హార్డ్ డిస్క్ ఖరాబైతది."

"మరి పక్కన మూతలు తీసి పెట్టిన ఆరూ బాగున్నవి కావా?"

"గవే పాడైనయి, తల్లీ!"

బండి వెళ్లి నలభై నిమిషాలైంది. తుక్కు యార్డులో క్రషర్ నిమిషానికొకటి నమిలేస్తుంది. షకీలా ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు.

స్కూటీ తీసింది. శ్రావ్య వెనక ఎక్కింది. హైవే మీద లారీల వరుస. సందు దొరికిన చోటల్లా దూరి పది నిమిషాల్లో యార్డు గేటు దగ్గర ఆగారు.

లోపల చప్పుడు లేదు.

"అయిపోయినట్టుంది," అంది శ్రావ్య.

షకీలా లోపలికి పరుగెత్తింది.

క్రషర్ ముందు స్టూలు మీద, దాన్ని నడిపే బక్కమ్మ చాయ్ తాగుతోంది. ఆమె వెనక గోడ వారన కంప్యూటర్లు. ఇరవైకి ఇరవై.

"ఎవలు మీరు? అరగంట అయితుంది మిషన్ ఆపుకొని!" కసిరింది బక్కమ్మ.

"ఎందుకాపినవ్ అమ్మా?"

"బంద్ అని రాసుండె కద! చీటీ కనవడ్తే మిషన్ ఆపుడే మా కాడ. రిపేరుకు లోపట ఎవలి చెయ్యి ఉన్నదో ఎవలికెరుక? గది ఒక్కటి గాదు, ఇరవై చీటీలు! పెద్ద పరేషానే అనుకున్న."

"ఫోన్ ఎత్తలేదేంది?"

"సూపర్‌వైజర్ కాడున్నది. బువ్వకు వోయిండు."

షకీలా ఆ చాయ్ గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగేసి, బక్కమ్మ భుజం పట్టుకుని నవ్వేసింది. శ్రావ్యకు మాత్రం కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.

సాయంత్రం ఐదున్నరకు కంప్యూటర్లను బండిలో భానూర్ చేర్చి ఒక్కొక్కటే ఆన్ చేశారు. ఇరవయ్యోది కాసేపు బతిమాలించుకుని వెలిగింది.

"అక్కా, ఇక బంద్ చెయ్యనా?" అంది శ్రావ్య.

"చెయ్యి. కని అరీబా పరీక్ష అయ్యేదాంక ఆ మాట నోట్లకెల్లి తియ్యకు పిల్లా!"