గవరమ్మ రొంటిన పొడుం డబ్బీ

నేను ఒక పొడుం డబ్బీని. అనకాపల్లి సంతలో రేకులు కొట్టే ముసలాయన చేతిలో పుట్టాను. నా మొదటి యజమాని అప్పలస్వామి. ఆయన నా మూత తీసి ఒక్క పట్టు పీల్చి తుమ్మితే, ఈల వేశారనుకుని స్టేషన్లో రైలు కదిలిపోయేది. నమ్మకపోతే ఆ రైలునే అడగండి.

ఆయన పోయాక భార్య గవరమ్మ నన్ను రొంటిన దోపుకుంది. పొడుం పోయి బీపీ బిళ్ళలు వచ్చాయి. అట్టలోంచి చిక్కుడు గింజల్లా ఒలిచి నాలో పోసుకునేది. డాక్టరమ్మ చెప్పింది పొద్దున ఒక్కటే. ఆవకాయ రోజులు వచ్చేదాకా అలాగే వేసుకుంది కూడా.

గవరమ్మ నాలుక మా వీధికి తక్కెడ. ఎవరింట ఆవకాయ కలిపినా ఉప్పు సంగతి ఆమే తేల్చాలి. ఆవకాయలు మొదలైన రోజున మొదటి ఇంట్లో రుచి చూసింది. వెంటనే నా మూత తీసి బిళ్ళ మింగింది!

"అదేటత్తా, పొద్దుట ఏసుకున్నావు గదా?" అంది వెంట వచ్చిన కోడలు సన్నేసమ్మ.

"అది పొద్దుటి ఉప్పుకే. ఇది ఈ ఉప్పుకి. నాకు తెల్దేటి?"

నా గుండె గుభేలుమంది. రేకుకి గుండెక్కడిదంటారా? అప్పుడే పుట్టింది.

ఇంకో ఇల్లు, ఇంకో ముద్ద, ఇంకో బిళ్ళ. మూత బిగబట్టుకుని కూర్చున్నాను. పళ్ళతో లాగేసింది! ఆ పక్కింట్లోనూ అంతే. కాసేపటికి, "ఓలమ్మో, ఇల్లు తిరుగుతోందే," అంటూ జాడీ పక్కనే కూలబడిపోయింది. ఒళ్ళంతా చల్లటి చెమట. నేను దొర్లి మంచం కిందికి పోయాను.

"బీపీ పెరిగిపోనాది! ఇంకో బిళ్ళ ఎయ్యండి!" అంటూ ఒకావిడ నన్ను అందుకుంది. బాబోయ్! అరవడానికి నాకు నోరేదీ?

సన్నేసమ్మ ఆ చెయ్యి తోసేసింది. "సంపేత్తారేటి! అయి మింగే పడిపోనాది!"

నన్నూ, తమ ఇంట్లో పడున్న ఖాళీ బిళ్ళల అట్టనూ పట్టుకుని, అత్తను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. నాలోని బిళ్ళల మీద పేరేదీ లేదు. డాక్టరమ్మ అట్ట చూశాకే ఏం మింగిందో తేల్చుకుంది. బీపీ పాతాళానికి పడిపోయిందట. సెలైన్ ఎక్కించి, మర్నాటిదాకా కళ్ళలో పెట్టుకుని చూశారు.

గవరమ్మ కళ్ళు తెరిచాక డాక్టరమ్మ మండిపడింది. "ఉప్పు ఎక్కువైతే తగ్గించాల్సింది ఉప్పునమ్మా, పెంచాల్సింది బిళ్ళను కాదు! రోజుకి ఒకటే. ఓ రోజు మర్చిపోయినా మర్నాడు రెండు వేసుకోకూడదు. బిళ్ళలు అట్టలోనే ఉంచుకో."

"అయితే నానింక ఆటిని ముట్టనమ్మా."

"అదింకా ప్రమాదం! నాకు చెప్పకుండా మానకూడదు."

ఇప్పుడు నేను గూట్లో ఉన్నాను. నాలో గుమ్మడి గింజలు. మొన్న పొరుగావిడ గిన్నెతో వచ్చింది. "అత్తా, ఉప్పు సూడు."

గవరమ్మ వేలు ముంచింది. రెండో చెయ్యి అలవాటుగా రొంటికి పోయింది. అక్కడ నేను లేను. ముంచిన వేలు కొంగుకి తుడుచుకుంది.

"నానొల్లను. నా కోడలు సూత్తాది."

వీధంతటికీ తీర్పు చెప్పే నోరు అలా మూసుకోవడం చూసి నా మూత ఎగిరిపడింది. గింజలన్నీ నేలపాలు.