తెల్లగది వాసన

నేను ఒక చెక్కపెట్టెను. నాలో రెండు గదులు, మధ్యలో ఎత్తి దించే చిన్న తలుపు. ఒక గది నలుపు, ఒకటి తెలుపు. విశాఖలో నన్ను చేసిన వడ్రంగి, కోళ్లకా కుందేళ్లకా అని అడిగాడు. ఎలుకలకని చెబితే, వాటికింత సోకా అని నవ్వాడు.

నన్ను చేయించింది వకుళ, పరిశోధక విద్యార్థిని. ఆమె తమ్ముడి పేరు సింహాచలం. వాడు కార్లకు రంగులేసే షెడ్డులో పనిచేస్తూ రంగులో కలిపే థిన్నర్‌ను మత్తు కోసం పీల్చడం మరిగాడు. ఆ తర్వాత షెడ్డు మానేశాడు. ఇక ముట్టనని అమ్మ మీద ఒట్టేశాడు. ఇంట్లో అందరూ నమ్మారు. వకుళకు మాత్రం గుండెల్లో గుబులు పోలేదు. వదిలేసినవాణ్ని ఆ చోటు మళ్లీ లాగుతుందా? ఆమెకు కావలసిన జవాబు అదొక్కటే.

ఎలుకకు పుట్టుకతో చీకటే ఇష్టం. అందుకే దాన్ని ఒకరోజు తెల్లగదిలో ఉంచి, గొట్టంలోంచి థిన్నర్ ఆవిరి కొద్దిగా వదులుతారు. మర్నాడు నల్లగదిలో ఉత్త గాలి. అలా కొన్నాళ్లు చేశాక, ఆవిరేమీ లేకుండా తలుపెత్తి, ఏ గదిలో ఎక్కువసేపు ఉంటుందో చూస్తారు. తెల్లగదిలో ఉంటే, ఆ చోటు లాగినట్టే. నాలో పరాయి వాసన ఉండకూడదు. ఎలుక మారినప్పుడల్లా వకుళ నన్ను కడిగి తుడిచేది. తలలో పువ్వులు పెట్టుకోవడం కూడా మానేసింది, పిచ్చిపిల్ల.

ఇంత నిష్ఠా ఆయుధపూజ నాడు గంగలో కలిసింది. ల్యాబ్‌లో ప్రతి పరికరానికీ బొట్టు పెట్టారు. ఆచార్యులు పరాంకుశం గారు స్వయంగా అరటిపండుకు అగరొత్తులు గుచ్చి, గాలికి ఆరిపోకుండా నా తెల్లగదిలో నిలబెట్టారు. అయ్యో, నాకు నోరుంటేనా! పొగంతా చెక్కలోకి ఇంకింది. వకుళ కూడా కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ఎవరి కోసమో నాకు తెలుసు.

పండగయ్యాక ఎప్పటిలా నన్ను కడిగి, పరీక్ష పెట్టారు. తలుపెత్తారు. మొదటి ఎలుక తెల్లగదిలోకి ముక్కు పెట్టి, మీసాలాడించి, వెనక్కి తగ్గింది. నల్లగదిలోనే ముడుచుకుంది. మిగతావీ అంతే. ఆ చోటు వాటిని లాగలేదన్నమాట! వకుళ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. తమ్ముడికి ఫోన్ చేయబోయింది.

ఫోన్ చేతిలో ఉండగానే నన్ను తుడవడానికి వంగి, ఆగిపోయింది. తెల్లగదిలోకి తల దూర్చి గట్టిగా వాసన చూసింది. నేను బిగుసుకుపోయాను. ఆమె నోరు మూసుకుంటే చాలు, కోరుకున్న జవాబు దక్కుతుంది. తల బయటికి తీసి, ఫోన్ పక్కన పెట్టింది.

"సార్, అవి పారిపోయింది అగరొత్తుల వాసనకి. ఈ ఫలితం చెల్లదు," అంది చివరికి.

పరాంకుశం గారు నాలుక కరుచుకున్నారు. అప్పట్నుంచి నాకు బొట్టు బయటివైపే.

లోపలి చెక్కలు మార్పించి, కొత్త ఎలుకలతో వకుళ మొదటినుంచీ మొదలుపెట్టింది. మళ్లీ పరీక్ష రోజు వచ్చింది. వకుళ తలుపెత్తింది. ఈసారి ఎలుకలు తమకిష్టమైన చీకటిని వదిలి తెల్లగదిలోకి నడిచాయి. ఏమీ రాని గొట్టం దగ్గర ముక్కు పెట్టుకుని కూర్చున్నాయి.

ఆ సాయంత్రం అక్కను ఇంటికి తీసుకెళ్లడానికి సింహాచలం వచ్చాడు. ఆలస్యమైందేమని అడిగితే, పాత షెడ్డు వీధిలోంచి వచ్చానన్నాడు.

"అటు చుట్టు కదరా?"

"ఏటోనక్కా, బండి అటే తిరిగింది. ఊరికే కాసేపు నిలబడ్డాను. షెడ్డుకి తాళమేసుంది."

వకుళ నా తలుపు మెల్లగా దించి, వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"రేపు డాక్టరు దగ్గరికెళ్దాం. నేనూ వస్తాను."

వాడు తల వంచుకున్నాడు. "సరే అక్కా," అన్నాడు.