వాగొడ్డున ఎర్ర గడి

మ్యాపు మీద ఎరుపంటే వానకు మట్టి ఎక్కువగా కొట్టుకుపోయే చోటు. మంజీరలో కలిసే వాగుల చుట్టూ నేల వాలు, మట్టి రకం, వాన, పచ్చదనం లెక్కలు ఒకదాని మీద ఒకటి వేస్తే కంప్యూటరే మ్యాపులోని ఒక్కో చదరపు గడికీ రంగు పూస్తుంది. మెదక్‌లోని మా భూసంరక్షణ ఆఫీసులో ఆ పని నాది. మొన్నటిదాకా నాకు ఎరుపంటే ఒక రంగే.

మొన్న పాపన్నపేట వైపు మా ఊరి వాగొడ్డు ఎర్రగా వచ్చింది. నాలుగేళ్ల కింద నా బిడ్డను పూడ్చింది ఆ ఒడ్డునే. మాలో పసిపిల్లలను కాల్చరు. గుర్తుకు రాయి కూడా పెట్టరు, తల్లిని అటు రానివ్వరు. ఎవరు పెట్టిన రివాజో గాని, కన్నది నేను, చోటు తెలిసింది మగవాళ్లకు.

ఆ ఒడ్డుకు రాతికట్టు వేయిద్దామని మా కృష్ణమోహన్ సార్‌ను అడిగాను.

"అది బంజరు మమతా. పంట భూములకే కట్టలు. గట్లనే ఉన్నది రూలు," అన్నారు.

ఆయన తప్పేం లేదు. అయినా ఆ రోజంతా ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

సాయంత్రం నన్ను తీసుకుపోవడానికి నా భర్త ఎల్లేష్ ఆటోతో వచ్చాడు. లోపలికి పిలిచి స్క్రీన్ ముందు కూర్చోబెట్టాను. పాప చనిపోయిన ఏడాది తీసిన ఉపగ్రహ చిత్రం తెరిచాను.

"పాపను ఏడ పెట్టిండ్రో చూపియ్యి."

"ఇప్పుడు గదంత ఎందుకే?"

"వానలు పడకముందే పోయి నాలుగు రాళ్లన్న పేర్చుకుంట. చూపియ్యి."

చాలాసేపు చూశాడు. వాగు, బాట, ఒంటి తుమ్మచెట్టు. చివరికి చెట్టు పక్కన వేలు ఆనించాడు.

"గీడ. కుక్కలు రాకుండ ముండ్లకంప కప్పి వచ్చినం."

వేలు తీయొద్దన్నాను. అదే చోట ఈ ఏడాది చిత్రం తెరిచాను.

తుమ్మచెట్టు లేదు. మ్యాపులో ఎర్రగా వచ్చింది మిగిలిన ఒడ్డు మాత్రమే. అతని వేలి కింద నీళ్లు.

"జర పక్కకేమో," అని ఎల్లేష్ వేలు జరిపాడు. అక్కడా నీళ్లే. ఇంకొంచెం జరిపాడు, నేల తగిలేదాకా జరుపుతూనే ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అతని చేయి పట్టుకుని మళ్లీ మొదటి చోటికే తెచ్చి నీళ్ల మీద పెట్టాను.

"గీడనే," అన్నాను. "నువ్వు ముందుగాల చూపెట్టిందే నిజం."

నా బిడ్డ చోటు నాకు తెలియడం అదే మొదటిసారి.