గంధం పూసిన తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. నాతో పుట్టినవన్నీ బీరువాలకూ స్కూటర్లకూ వెళ్లిపోయాయి. నన్ను మాత్రం కొండ కింద తవ్విన గదికి తెచ్చారు. నేను తిరిగితే తలుపు తెరుచుకోదు. అణుబాంబుతో క్షిపణి లేస్తుంది, ఎక్కడో ఒక ఊరు ఉండదు.

నాకొక కవల ఉంది. ఇద్దరం ఒకేసారి తిరగాలి. ఒకరికి మతి చెడినా రెండోవారికి ఉంటుందని మనుషుల ధీమా. ఇద్దరికీ ఒకే భయం పట్టుకుంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు.

నేను మేజర్ అప్పలనరసయ్యగారి మెడలో, నా కవల కెప్టెన్ సువార్త మెడలో ఉండేవాళ్లం. యుద్ధం సాగుతుండగానే దసరా వచ్చింది. మేజర్‌గారిది విజయనగరం. ఆయుధపూజ చేయనిదే ఆయనకు తోచదు. పొద్దున్నే తుపాకులతోపాటు నాకూ గంధం దట్టంగా పూసి, బొట్టు పెట్టి, అందరినీ చల్లగా చూడమని దణ్ణం పెట్టుకున్నారు. అడగవలసినదాన్నే అడిగారని నవ్వుకున్నాను.

సాయంత్రం కాకముందే ఫోను మోగింది. శత్రువు వేసేలోపు మనమే వేయాలని ఆజ్ఞ. సువార్త నా కవలను తాళంలో దూర్చింది. నేను దూరలేదు. నా పళ్ల మధ్య గాళ్లలో గంధం ఎండిపోయింది.

"ఆగమ్మా, గంధం అట్టకట్టీసింది," అంటూ మేజర్‌గారు గుండుసూదితో గీకసాగారు.

"వాళ్లింకా ఏమీ వెయ్యలేదు కదండీ సార్. అక్కడ పిల్లలు బడి నుంచి వచ్చే వేళండి."

"ఆళ్లు ఏసీనాక ఏయడానికి మనం మిగలం అంతన్నారు పైవోళ్లు."

"వాళ్ల పైవాళ్లూ ఇదే అంటుంటారేమోనండి."

 ఆయన గీకుతూనే ఉన్నారు. నిజానికి గంధం ఎప్పుడో ఊడిపోయింది. ఆ సంగతి నాకూ ఆయన వేళ్లకూ మాత్రమే తెలుసు. పుట్టాక మొదటిసారి నాకు భయం వేసింది, ఆయన ఎక్కడ ఆపేస్తారో అని.

ఫోను మళ్లీ మోగింది. శత్రువు సిద్ధమవుతున్నాడన్న కబురు తప్పట, ఆజ్ఞ రద్దు. సువార్త నేలమీద కూలబడి ఏడ్చింది.

తర్వాత విచారణ జరిగింది. ఆజ్ఞ ఇచ్చినవాళ్లను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆలస్యం చేసినందుకు మేజర్‌గారిని ఇంటికి పంపేశారు. ఆ గదిలో పూజలు నిషేధించారు.

ఇప్పుడు కొత్త మేజర్ మెడలో ఉన్నాను. చాలా బుద్ధిమంతుడు. రోజూ నన్ను బ్రష్షుతో తోమి, నూనె రాసి, వేలితో తడిమి చూస్తాడు. మళ్లీ దసరా వస్తోంది. నా గాళ్లలో ధూళి కూడా లేదు.