అరవై ఏడు డిగ్రీల చన్నీళ్ళు

మా ఆయనకి నా చేతి మీద నమ్మకం లేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా లేదు. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి "జ్వరం" అంటే, థర్మామీటరు తెచ్చి "తొంభై ఎనిమిదిన్నర, నార్మల్" అంటారు. సాయంత్రానికి నూటరెండు వస్తే "ఇప్పుడే వచ్చింది మరి" అంటారు. అంకె చెప్తే తప్ప అన్నం ఉడికినట్టు కాదు ఆయనకి.

ఉద్యోగం అలాంటిది లెండి. మేముండే చాండ్లర్ ఊళ్ళో చిప్పులు చేసే కంపెనీలో ఫర్నేసుల వేడి అర డిగ్రీ అటూ ఇటూ కాకుండా పద్ధెనిమిదేళ్ళు కాపలా కాశారు. అక్టోబరులో వాళ్ళు చిప్ప చేతికిచ్చి పంపించేశారు. నవంబరంతా రోజూ పొద్దున్న ఎనిమిదింటికి బూట్లు వేసుకుని కారులో కూర్చునేవారు. గరాజ్ తలుపు ఎత్తకుండానే కాసేపటికి దిగొచ్చి బూట్లు విప్పేవారు. నేను చూడనట్టు ఉల్లిపాయలు తరుగుతూ ఉండేదాన్ని. ఉల్లిపాయలైతే ఎవరూ ఏమీ అడగరు.

డిసెంబరులో బీరు కాయడం మొదలుపెట్టారు. తాగేది నెలకి రెండు గ్లాసులు. వేడి మీద పెత్తనం చెయ్యకపోతే తోచదు మనిషికి. పెద్ద స్టీలు కెటిలు, దాని అడుగున కరెంటు హీటింగ్ ఎలిమెంటు, గరాజ్ గోడకి సొంతంగా వైరింగ్ చేసిన నల్ల డబ్బా. డబ్బా మీద అంకె పెడితే, నీళ్ళు ఆ వేడికి చేరగానే కరెంటు ఆపేస్తుంది. తగ్గితే మళ్ళీ ఇస్తుంది. బార్లీ అరవై ఏడు డిగ్రీల దగ్గర గంటసేపు నానితే తీపు దిగుతుందట. డబ్బా మొదటిసారి సరిగ్గా పనిచేసిన రోజు ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి రెండు నెలలైంది నాకు.

ఆ శుక్రవారం తొమ్మిదింటికి వీడియోలో ఇంటర్వ్యూ. నాలుగు నెలల్లో వచ్చిన మొదటి పిలుపు. "బీరు పెట్టుకుంటాను శశీ, చేతులు కుదురుగా ఉంటాయి" అని ఆరింటికే కెటిలులో నీళ్ళు నింపి, అరవై ఏడు నొక్కి, చొక్కా ఇస్త్రీ చేసుకోడానికి లోపలికొచ్చారు. తిరిగి వెళ్ళేసరికి డబ్బా అరవై ఏడు చూపిస్తోంది. బార్లీ పోసేశారు. అంకె చెప్పాక వేలు పెట్టి చూసే అలవాటు ఆయనకెక్కడిది?

ఎనిమిదింటికి నేను కాఫీ పట్టుకుని వెళ్తే ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా తడిసింది.

"చెయ్యి పెట్టి చూడు" అన్నారు.

పెట్టాను. చన్నీళ్ళు. బార్లీ కుడితిలా తేలుతోంది.

"అరవై ఏడు చూపిస్తోంది కదండీ?"

"అదే మరి. వేడి కొలిచే సెన్సారు మార్చాను. కొత్తదీ అదే అంటోంది. రెండూ ఒకే అబద్ధం చెప్పవు కదా? నా వైరింగే తప్పు. ఎక్కడో తెలీడం లేదు. తెలీడం లేదు శశీ."

"ముందు ఆ ప్లగ్గు పీకండి" అన్నాను. అప్పటికే పీకేశారు. డబ్బా మూత తీసి, వైర్లన్నీ బయటికి లాగి పెట్టారు.

"నీళ్ళు కాచడం రాలేదు నాకు. ఫర్నేసులు చూశానని వాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?" ఫోను తీశారు. "రానని మెయిల్ పెట్టేస్తాను."

సరిగ్గా అప్పుడు నాకు పెరుగు గుర్తొచ్చింది.

ఇక్కడ నా పెరుగు గురించి చెప్పాలి. ఫిబ్రవరిలో ఈ ఊళ్ళో ఎవరింట్లోనూ పాలు సరిగ్గా తోడుకోవు, మా ఇంట్లో తప్ప. తలో వంటా తెచ్చుకునే ఏ పాట్‌లక్‌లోనైనా మా స్నేహితురాలు మైత్రి నా గిన్నె ఖాళీ చేసి "శశక్కా, అంతా నీ చేతి మహిమే" అంటుంది. నేను చెయ్యి వంక వినయంగా చూసుకుంటాను. నిజానికి రాత్రి ఆయన పడుకోగానే పాలగిన్నెలు ఆ కెటిలు నీళ్ళలో దించి, డబ్బాని నూటపది మీద పెడతాను. నూటపది ఫారెన్‌హీటు. జ్వరానికి తప్ప ఆయన సెల్సియస్ మనిషి. నలభై మూడు అని పెట్టుకోవచ్చు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, లెక్క రాక కాదు. నలభై మూడంటే పాలు తోడుకుంటాయన్న నమ్మకం కుదరదు నాకు. అందుకని డబ్బానే ఫారెన్‌హీటులోకి మార్చి, పనయ్యాక వెనక్కి మార్చేస్తాను. గురువారం పొద్దున్నే గిన్నెలు తీస్తుంటే మైత్రి ఫోన్ చేసింది. పాట్‌లక్‌కి పెరుగు తెమ్మని. ఆ మాటల్లో పడి వెనక్కి మార్చడం మర్చిపోయాను.

అరవై ఏడు ఫారెన్‌హీటంటే పందొమ్మిదిన్నర సెల్సియస్. డబ్బా చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

ఆయన మెయిల్ టైపు చేస్తున్నారు. ఆయన లోపలికెళ్ళాక చప్పుడు చెయ్యకుండా బటన్ నొక్కేసి, "మళ్ళీ ఒకసారి చూడండి" అనొచ్చు. నా మహిమ నాకు మిగులుతుంది. ఆయనకి మాత్రం ఆ వైర్లే మిగులుతాయి, తప్పెక్కడుందో జన్మలో తెలీకుండా.

"పంపకండి" అన్నాను.

"ఏం చెప్తావులే. ధైర్యంగా ఉండమంటావు."

"కాదు. మొన్న నేను డబ్బాని ఫారెన్‌హీటులోకి మార్చాను."

బొటనవేలు ఆగింది. "నువ్వా? ఎందుకు?"

"పెరుగుకి."

"పెరుగేంటి?"

"మైత్రి మెచ్చుకునే పెరుగు."

ఆయన కెటిలు వంక చూశారు. నా చెయ్యి వంక చూశారు. పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటున్నారు. "పందొమ్మిదిన్నర" అన్నారు నెమ్మదిగా. "అంటే నా వైరింగు..."

"బంగారంలా ఉంది."

"చేతి మహిమ అన్నావు?"

గోడ మీద గడియారం ఎనిమిదీ ఇరవై. ఇంకో చొక్కా ఇస్త్రీ చెయ్యడానికి టైముంది.

"చేతిలో ఏం లేదండీ, అంతా మీ డబ్బాదే. తప్పు నాది."